బడి తలుపు తెరిచిన తల్లి



మీలో జెద్దాలో ఉద్యోగం చేసినవారు ఎఫ్ఫత్ యూనివర్సిటీ పేరు వినే ఉంటారు. ఆ పేరుగల తల్లిని ఈసారి గుర్తుచేసుకుందాం. ఆమె మన విశ్వాసానికి చెందినవారు కారు. అయినా ఒక తల్లి తన ఇంటితో మొదలుపెట్టి ఎంత దూరం వెళ్లగలదో ఆమె జీవితం మనకు చూపిస్తుంది.

ఇఫ్ఫత్ 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. పూర్వీకులు సౌదీ రాజవంశంలోని ఒక శాఖవారే గానీ, ఇంట్లో కలిమి లేదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనత్త చేతుల మీద పెరిగారు. 1932లో రాజకుమారుడు ఫైసల్‌ను పెళ్లి చేసుకుని, భాష కూడా సరిగా రాని దేశంలో కాపురం పెట్టారు. ఈ మాట చదువుతుంటే మీకు ఎస్తేరు గుర్తుకొస్తే ఆశ్చర్యం లేదు.

వారికి ఐదుగురు కొడుకులు, నలుగురు కూతుళ్లు. కొడుకులను బాగా చదివించారు. మరి కూతుళ్ల సంగతేమిటి? ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు ప్రభుత్వ బడి అన్నదే లేదు. 1955లో ఆమె జెద్దాలో దార్ అల్ హనాన్ అనే బాలికల పాఠశాల ప్రారంభించారు. ఆప్యాయతకు నిలయం అని ఆ పేరుకు అర్థం. పిల్లలను పంపడానికి చాలామంది తల్లిదండ్రులు జంకారు. ఆమె వాదనకు దిగలేదు. తన కూతుళ్లనే ఆ బడిలో కూర్చోబెట్టారు.

1960లో ప్రభుత్వమే బాలికల బడులు మొదలుపెట్టింది. బురైదా పట్టణంలో గట్టి వ్యతిరేకత వచ్చింది. అక్కడి బడిలో మొదటి ఏడాది ప్రధానోపాధ్యాయురాలి కూతురు ఒక్కతే విద్యార్థిని అని చెబుతారు. అయినా బడి మూతపడలేదు.

1964లో ఫైసల్ రాజయ్యారు. ప్రజలు ఆమెను రాణి ఇఫ్ఫత్ అని పిలుచుకున్నారు. 1975 మార్చి 25న అన్నదమ్ముల బిడ్డే ఆయనను కాల్చి చంపాడు. ఆ దుఃఖంతో ఆమె మూల కూర్చోలేదు. మరో పాతికేళ్లు పెద్ద కుటుంబానికి పెద్దదిక్కుగా నిలిచారు. కొడుకు సౌద్ నలభై ఏళ్లు విదేశాంగ మంత్రిగా పనిచేశారు. ఎనభై దాటాక కూడా ఆమె ఆలోచన ఆడపిల్లల చదువు మీదే. 1999లో జెద్దాలో మహిళల కళాశాల మొదలైంది. 2000 ఫిబ్రవరి 17న ఆమె కన్నుమూశారు. ఆ కళాశాలే తరువాత యూనివర్సిటీ అయింది.

ప్రియులారా, మన ఇళ్లలోనూ ఇలాంటివారు ఉన్నారు. ఊళ్లో నలుగురూ నవ్వినా పలక పట్టుకుని మిషన్ బడికి వెళ్లిన అమ్మమ్మలు, తాము చదవకపోయినా కూతురిని నర్సింగ్‌కు పంపిన నాయనమ్మలు. ఈ రోజు మీరు పరదేశంలో జీతం తీసుకుంటున్నారంటే దాని వెనుక అలాంటి తల్లి ఒకరు ఉండే ఉంటారు. ఆమె బ్రతికి ఉంటే ఈ వారమే ఫోన్ చేయండి. లేకపోతే ఆమె కథ మీ పిల్లలకు చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లకు చెప్పేవారెవరు?