మాదన్న మంత్రి

మన పై తరగతుల బాలబాలికలలో షేక్స్‌పియరు మహాకవి రచించిన జూలియస్ సీజరు నాటకమును చదివినవారు కొందఱైనను ఉందురు. క్రీస్తుపూర్వము 44వ సంవత్సరము మార్చి 15వ తేదీన రోము నగరమున జరిగిన హత్యయే దానికి మూలము. ఆ నాటకమున కత్తిపోట్లకంటె భయంకరమైనది మాటల నేర్పు. కాషియసు అను కుట్రదారుడు బ్రూటసువంటి సత్పురుషుని మెల్లమెల్లగా తనవైపునకు త్రిప్పుకొని, స్నేహితుని చంపుటయే దేశసేవ యని నమ్మించును. పిమ్మట ఆంటొనీ చేసిన ఒక్క ఉపన్యాసముతో రోము ప్రజల మనస్సులు తలక్రిందు లగును. ఇది కేవలము దూరదేశపు ముచ్చట యని తలపనక్కఱలేదు. మన మియాపూరునకు ఇంచుమించు 15 కిలోమీటర్ల దూరములో నున్న గోలకొండ దుర్గమున, 1686వ సంవత్సరము మార్చి మాసమందే, ఇట్టి కుట్ర యొకటి నెఱవేఱెను. దానికి బలియైనవాడు కుతుబ్‌షాహీ రాజ్యమునకు ప్రధానియైన మాదన్న.

మాదన్న హనుమకొండకు చెందిన బ్రాహ్మణ కుటుంబమువాడు. ఆయన సోదరుడు అక్కన్న. జనులు నేటికిని వారి పేర్లను విడదీయక జంటగానే పలుకుదురు. మాదన్న గోలకొండ సేనాధిపతులలో నొకడగు సయ్యద్ ముజఫరు కొలువున వ్రాయసకానిగా ప్రవేశించెను.

1672లో అబ్దుల్లా కుతుబ్‌షా మరణించెను. ఆయనకు కుమారులు లేనందున అల్లుండ్రలో సింహాసనమునకై పోరు కలిగెను. సయ్యద్ ముజఫరు మొదలగువారి యండతో కడపటి అల్లుడగు అబుల్ హసను సుల్తానయ్యెను. తానీషా యని మనము పిలుచువాడితడే. ముజఫరు మీర్ జుమ్లా, అనగా ప్రధాని, యయ్యెను. అయితే సింహాసన మెక్కించినవాడు ఎక్కినవానికి అధికార మిచ్చుట లోకమున అరుదు. సుల్తాను పేరునకు మాత్రమే సుల్తానుగా నుండి లోలోపల కుములుచుండెను.

ఈ సంగతిని అందఱికంటె ముందు కనిపెట్టినవాడు మాదన్న. అతడు కత్తి పట్టలేదు. తన యజమానుని పరివారములోని యుద్యోగులనే చేరదీసి, సుల్తాను పక్షమునకు వచ్చిన కలుగు లాభము నెఱిగించి, తనవారిగా చేసికొనెను. 1674 ప్రాంతమున ఒకనాడు ముజఫరు వెనుదిరిగి చూచుసరికి అతనికి బలముగా నిలుచువారే లేకపోయిరి. రక్తపు బొట్టు చిందకుండ అధికారము చేతులు మాఱెను. మాదన్నను మెచ్చుకొనువారు ఈ ఘట్టమును త్వరగా దాటిపోవుట కలదు. అది న్యాయము కాదు. ఉప్పు తినిన యింటికి అతడు చేసిన పని కుట్రయే. చంపకుండ చేసిన కుట్ర యని మాత్రము చెప్పవచ్చును. ఆ కాలమున అదియు స్వల్పము కాదు.

సుల్తాను అతనికి సూర్యప్రకాశరావు అను బిరుద మిచ్చి రాజ్యభారమంతయు నప్పగించెను. పదునొకండు, పండ్రెండు సంవత్సరములు గోలకొండను నిజముగా నడపినవాడు మాదన్నయే. అక్కన్నకును, బంధువులకును పెద్ద యుద్యోగములు లభించెను. భద్రాచల రామదాసుగా ప్రసిద్ధికెక్కిన కంచెర్ల గోపన్న వీరి మేనల్లుడని సంప్రదాయము చెప్పును. స్వజనపక్షపాతమను నింద మాదన్నకు తప్పలేదు, తప్పవలసినదియు కాదు. డచ్చి వర్తక సంఘమున పనిచేసిన డేనియల్ హవార్టు 1693లో అచ్చువేసిన గ్రంథమున ఈ సోదరుల చరిత్ర కొంత కానవచ్చును. విజయవాడలో ఇంద్రకీలాద్రి క్రింద అక్కన్న మాదన్నల గుహలని కొన్నిటిని చూపుదురు గాని, అవి వీరికంటె దాదాపు వేయి సంవత్సరములు పాతవి. కీర్తి అట్లే తనది కానిదానిని కూడ కలుపుకొనుచుండును.

అతని రాజనీతిలో ముఖ్యమైనది 1677లో జరిగినది. ఆ యేట శివాజీ హైదరాబాదునకు వచ్చి సుల్తానుతో సంధి చేసికొనెను. కర్ణాటక దండయాత్రకు గోలకొండ ధనమును ఫిరంగులను సమకూర్చెను. ఉత్తరమునుండి వచ్చు మొగలు చక్రవర్తి ఔరంగజేబు నెదుర్కొనుటకు దక్షిణ రాజ్యము లొకటి కావలెనని మాదన్న తలంపు. ఈ తలంపే ఔరంగజేబునకు కంటిలో నలుసయ్యెను.

1685లో చక్రవర్తి కుమారుడగు షా ఆలం గోలకొండపైకి దండెత్తెను. సుల్తాను సేనాని మీర్ మహమ్మద్ ఇబ్రహీము శత్రువులలో కలిసిపోయెను. అక్టోబరులో సుల్తాను రాత్రివేళ హైదరాబాదును విడిచి దుర్గములో చేరగా, నగరము దోపిడికి గుఱియయ్యెను. సంధి షరతులలో, గొప్ప ధనరాశితో పాటు, అక్కన్న మాదన్నలను కొలువునుండి తొలగించుట యొకటి. అబుల్ హసను వారిని తొలగింపలేదు, కాపాడను లేదు. రేపు రేపని దినములు గడపెను. దుర్బలుడైన స్నేహితుని జాప్యము పగవాని కత్తికంటె తక్కువ ప్రమాదము కాదు.

ఆ నెలలలో దుర్గములోపల నడచిన మాటలే ఈ కథకు ప్రాణము. ఇల్లు గుల్లయైనవారు, పదవులు దక్కనివారు, అంతఃపురమందలి వృద్ధ రాణులు ఒక్కటే తర్కమును చెవులలో ఊదుకొనిరి: చక్రవర్తి కోప మీ యిరువురిపైననే, వీరు పోయిన యెడల సైన్యము మరలిపోవును, రాజ్యము మిగులును. భయపడినవానికి ఇంత సులభమైన మార్గము చూపినచో వాడు దానిని పరీక్షింపడు. రోములో బ్రూటసు అడుగవలసిన ప్రశ్నను గోలకొండలోను ఎవ్వరు నడుగలేదు. సీజరు పోయినంత మాత్రమున పాత స్వాతంత్ర్యము తిరిగి వచ్చునా? మాదన్న పోయినంత మాత్రమున ఔరంగజేబునకు దక్షిణాపథముపై ఆశ చచ్చునా?

1686 మార్చి నెలలో ఒక రాత్రి, దర్బారునుండి ఇంటికి మరలుచున్న అన్నదమ్ములపై దుర్గపు వీధిలోనే బానిసలు పడి చంపిరి. సుల్తానున కీ కుట్ర తెలియదని చరిత్రకారులందురు. వారి యిండ్లు దోచబడెను. బంధువులలో కొందఱు హతులైరి. ఖండించిన శిరస్సులు కానుకగా మొగలు శిబిరమునకు చేరెను. ఇచ్చట శవమును ముందుంచుకొని మాటలాడుటకు ఆంటొనీ లేడు. మాదన్న పక్షమున ఒక్క ఉపన్యాసమైనను జరిగినట్లు ఎచ్చటను వ్రాయబడలేదు. మాటలతో పైకి వచ్చిన మనుష్యునికి కడపట ఒక్కరి మాటయు తోడుపడలేదు.

సైన్యము మరలిపోయెను, అయితే బిజాపురమును పట్టుకొనుటకే. 1686 సెప్టెంబరులో ఆ పని ముగియగా, 1687 ఆరంభమున ఔరంగజేబు స్వయముగా గోలకొండను ముట్టడించెను. అడ్డు చెప్పుటకు మంత్రి లేడు, సాయము వచ్చుటకు పొత్తు లేదు. ఎనిమిది నెలలు దుర్గము నిలిచెను. కడపట దానిని ఫిరంగులు గెలువలేదు, ధనాశ గెలిచెను. అబ్దుల్లా ఖాన్ పనీ యను ఉద్యోగి సెప్టెంబరులో ఒక రాత్రి ద్వారము తెఱచెను. అవే ఆశలు చూపినను లొంగని అబ్దుర్ రజాక్ లారీ ఒంటినిండ గాయములతో పడిపోవువఱకు పోరాడెను.

అబుల్ హసనును దౌలతాబాదు కోటలో బంధించిరి. అతడు అచ్చటనే పండ్రెండేండ్లకు పైగా గడిపి మరణించెను. అతని సమాధి ఖుల్దాబాదులో నున్నది. గోలకొండ చెంత పూర్వ సుల్తానులు నిద్రించుచున్న సమాధుల తోటలో అతనికి చోటు దొరకలేదు.