కమ్మరి కొడుకు ఫారడే

లెక్కల్లో నాకు మార్కులు తక్కువొచ్చి దిగులుగా ఉన్నప్పుడు ఫారడే గురించి చదివాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మైఖేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న ఇంగ్లండులో పుట్టారు. నాన్న కమ్మరి. ఇంట్లో బీదరికం. 14వ ఏట లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరి ఏడేళ్లు చేశారు. బైండింగుకి వచ్చిన పుస్తకాలే ఆయనకు బడి. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, తానే బైండు చేసి డేవీకి పంపారు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది.

తీగచుట్టలో అయస్కాంతం కదిలిస్తే కరెంటు పుడుతుందని 1831లో చూపించారు. మన హాస్టల్ బల్బు వెలిగేది ఆ సూత్రంతో తయారైన కరెంటుతోనే.

1845లో ఇంకో వింత. వెలుగు తరంగాలన్నీ ఒకే దిశలో ఊగేలా చేసి, అయస్కాంతం దగ్గర పెట్టిన గాజుముక్క గుండా పంపారు. చాలాసార్లు ఏమీ కనబడలేదు. చివరికి సీసం కలిసిన బరువైన గాజులో ఆ దిశ కొంచెం తిరిగింది! వెలుగుకీ అయస్కాంతానికీ సంబంధం ఉందని అలా తేలింది. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చే వెలుగులోనూ ఇలాగే జరుగుతుందని తర్వాత జాన్ కెర్ కనిపెట్టారు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితోనే పలుచని అయస్కాంత పొరల్లో స్కిర్మియాన్లనే బుల్లి సుడులను మైక్రోస్కోపులో చూస్తున్నారు.

ఫారడేకి పెద్ద లెక్కలు రావు. సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నారు. 1867 ఆగస్టు 25న చనిపోయారు.

లెక్కలు రావని నేనూ సైన్సు వదలను. మీరూ వదలకండి.