చరకాచార్యుడు - మేనిచాయ

భారతీయ వైద్యమునకు మూలపురుషులని పెద్దలు చెప్పు పేర్లు మూడు: చరకుడు, సుశ్రుతుడు, వాగ్భటుడు. శస్త్రచికిత్సకు సుశ్రుతుడు ప్రసిద్ధుడు. కాయచికిత్సకు చరకుడే ప్రమాణము. ఈ మహనీయుని తలచునపుడు ఆయన చెప్పిన మందులను పొగడుట మనకు అలవాటు. కాని మన ఇండ్లలో నేటికిని ఆడుబిడ్డలచే కంటనీరు పెట్టించుచున్న మేనిరంగు విషయమున ఆయన యిచ్చిన తీర్పును మాత్రము మరచితిమి.

పదునారవ శతాబ్దమువాడగు భావమిశ్రుడు తన భావప్రకాశమున ఒక కథ చెప్పెను. ఆదిశేషుడు భూలోకమునకు వచ్చి, రోగములతో అలమటించు ప్రజలను గాంచి, జాలిగొని ఒక మునికి కుమారుడై జన్మించెనట. ఎవరికిని తెలియకుండ చారునివలె వచ్చినవాడగుటచే చరకుడను పేరు వచ్చెనట. చరకుడనగా సంచరించువాడనియు అర్థము కలదు.

ఇది పురాణగాథ. అయిదవ శతాబ్దమున చీనా భాషలోనికి మార్చబడిన యొక బౌద్ధగ్రంథమున కనిష్క చక్రవర్తికి ఆప్తుడైన చరకుడను వైద్యుడు కనబడును. ప్రసవవేదనతో ప్రాణాపాయమున నున్న రాణిని ఆయన కాపాడెనని అందున్నది. సిల్వేన్ లెవీ అను ఫ్రెంచి పండితుడు 1896లో ఈ వృత్తాంతమును వెలుగులోనికి తెచ్చెను. ఆ వైద్యుడే మన చరకుడని పలువురు విద్వాంసులు తలచిరి.

చరకుడు తాను క్రొత్త శాస్త్రమును సృష్టించితినని చెప్పుకొనలేదు. ఆత్రేయ పునర్వసువు తన ఆరుగురు శిష్యులకు వైద్యమును బోధించెను. వారిలో అగ్నివేశుడు రచించిన తంత్రమును చరకుడు సంస్కరించి లోకమునకు అందించెను. అందుచేతనే ప్రతి అధ్యాయము చివరను అగ్నివేశుని పేరును, సంస్కర్తగా చరకుని పేరును కలిసియే వచ్చును. పిమ్మట దృఢబలుడు కొరవడిన 41 అధ్యాయములను కూర్చగా 120 అధ్యాయముల సంహిత పూర్ణమయ్యెను. అరబ్బీ భాషలోనికి సైతము ఆ గ్రంథము పోయెను. పదునొకండవ శతాబ్దమున వంగదేశీయుడగు చక్రపాణిదత్తుడు దానికి వ్యాఖ్య వ్రాసెను.

ఈ సంహితలో ఇంద్రియస్థానమను భాగము కలదు. రోగి బ్రతుకునా, బ్రతుకడా యని వైద్యుడు తెలిసికొనవలసిన గురుతులు అందున్నవి. మొట్టమొదట పరీక్షింపవలసినది వర్ణము. కృష్ణము, శ్యామము, శ్యామావదాతము, అవదాతము అని నాలుగు రంగులను చెప్పి, ఇవి శరీరమునకు సహజములని చరకుడు నిర్ణయించెను. నలుపు మొదలు తెలుపు వరకు నాలుగును ఆరోగ్యవర్ణములే. మనము చామనచాయ యనునది ఆ శ్యామమే. ఇక నీలము, తామ్రము, హరితము వంటివి వికృతులు. వానితోపాటు అసహజమైన తెలుపును గూడ ఆయన వికృతులలోనే చేర్చుట గమనింపదగినది. ఎవరి సహజవర్ణము వారికి ఆరోగ్యము. అది హఠాత్తుగా మారుటయే భయహేతువు.

వర్ణము వేరు, ప్రభ వేరు అనియు ఆయన చెప్పెను. ప్రభ దూరమునుండియే ప్రకాశించును. అది ఏడు విధములు. అందు నల్లని ప్రభయు ఒకటి. ఏ రంగుదైనను స్నిగ్ధమై విరివిగా వెలుగు ప్రభ శుభము. రూక్షమై మలినమైనది అశుభము.

ఆ కాలమునను తెల్లని బిడ్డను కోరిన తల్లులుండిరి. శారీరస్థానమున వారికై ఒక విధి చెప్పబడినది. అయితే శ్యామవర్ణుడైన కుమారుని, నల్లని కుమారుని కోరు తల్లులకును అక్కడనే విధి కలదు. ఆ విధులను నేటి శాస్త్రము అంగీకరింపదు. చర్మములోని మెలనిన్ అను పదార్థమే రంగునకు ప్రధానకారణమని అది తేల్చినది. అయినను నల్లని బిడ్డ కలుగవలెనని తల్లి కోరుకొనుట వింతగా తోచని కాలమొకటి ఈ దేశమున నుండెనని తెలిసికొనుట మనకు మేలు.

వర్ణ్యములని చరకుడు పది ఓషధులను పేర్కొనెను. చందనము, వట్టివేరు, యష్టిమధుకము, మంజిష్ఠ, సుగంధిపాల వానిలోనివి. ఇవి కాంతిని నిలుపుటకు చెప్పబడినవే గాని, సహజమైన రంగును రోగముగా నెంచి మాన్పుటకు కాదు. నేడు తెలుపు చేయుదుమని అమ్ము లేపనములు కొన్నింటిలో పాదరసముండి మూత్రపిండములను చెరచుచున్నదని వైద్యులు హెచ్చరించుచున్నారు.

చరకుడు చెప్పెనన్న మాటను మన పెద్దలు గౌరవముతో విందురు. పెండ్లిచూపులనాడు పిల్ల చదువును, గుణమును మెచ్చుకొని, రంగు దగ్గర నసుగువారికి ఆ ఆచార్యుని నాలుగు వర్ణములను జ్ఞాపకము చేయవచ్చును. ఆ పిల్లకు రంగు కొరత యన్న మాట మన శాస్త్రమున లేదు.