గోడలో గాలిని దాచిన లారీ బేకర్

మే నెల మధ్యాహ్నం హాస్టల్ పై అంతస్తులో, స్లాబ్ కింద పడుకున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ వేడికి మనకి తెలిసిన జవాబు ఏసీ ఒక్కటే. లారీ బేకర్ మాత్రం ఆ జవాబుని గోడలోనే వెతికారు.

బేకర్ 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా అంబులెన్స్ దళంతో చైనా వెళ్ళి రోగులకి సేవ చేశారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇంటికి కావలసిన సామానంతా ఐదు మైళ్ళ లోపే దొరకాలన్న గాంధీజీ ఆలోచన జీవితాంతం ఆయన్ని వదల్లేదు.

1945లో కుష్ఠు రోగుల కోసం భవనాలు కట్టే పని మీద ఇండియా వచ్చారు. 1948లో డాక్టర్ ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకుని, హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో సుమారు పదహారేళ్ళు ఉన్నారు. అక్కడ కొండవాళ్ళ రాతి ఇళ్ళు చూశాక, కాలేజీలో చదివింది సరిపోదని అర్థమై, వాళ్ళ దగ్గరే మళ్ళీ ఓనమాలు దిద్దుకున్నారు.

1963లో కేరళ వెళ్ళారు. ఆయన అసలు పనితనం తిరువనంతపురంలో కనిపిస్తుంది. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టేవారు. అదే రాట్ ట్రాప్ బాండ్. దాదాపు పాతిక శాతం ఇటుక మిగులుతుంది, లోపల చిక్కుకున్న గాలి ఎండని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. స్లాబ్ అడుగు భాగంలో కాంక్రీటు చేసే పని తక్కువ కాబట్టి అక్కడ పాత మంగళూరు పెంకులు పెట్టారు. ఇది ఫిల్లర్ స్లాబ్. సిమెంటు తగ్గింది, వేడీ తగ్గింది. కిటికీల బదులు ఇటుక జాలీలు పెట్టి గాలి ఆడనిచ్చారు. చెట్టు అడ్డొస్తే చెట్టుని కొట్టలేదు, గోడనే వంచారు. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలు ఇందుకు సాక్ష్యం.

మనం గమనించాల్సింది ఒకటుంది. భవనం నుంచి కార్బన్ కరెంటు బిల్లుతో మొదలవదు. ఇటుక కాల్చినప్పుడే, సిమెంటు కోసం సున్నపురాయిని వేడి చేసినప్పుడే మొదలవుతుంది. బేకర్ ఎక్కువగా పేదవాడి ఖర్చు గురించే ఆలోచించారు, కానీ ఆ పొదుపులోనే ఈ లెక్క కూడా తేలిపోయింది.

1985లో కాస్ట్‌ఫోర్డ్ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. ఆ తర్వాత భారత పౌరుడయ్యారు, 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న, మనలో చాలామంది ఉయ్యాల్లో ఉన్నప్పుడు, కన్నుమూశారు.

ఇరవై అంతస్తుల టవర్‌ని ఆయన పద్ధతిలో కట్టలేకపోవచ్చు. కానీ మన ఊళ్ళలో లేచేవి ఎక్కువగా ఒకటి రెండు అంతస్తుల ఇళ్ళే కదా! రేపు వాటికి ప్లాన్ గీసేది మనమే. అద్దాలు బిగించి ఏసీ పెట్టే ముందు, ఎండ ఎటునుంచి వస్తోందో, గాలి ఎటు వీస్తోందో ఒక్కసారి చూద్దాం.