చెరలో ఉన్న రాజు కోసం ఎదురుచూసిన రాజ్యం
గణపతిదేవుడి జీవితం మన పిల్లలకు చెప్పే నమ్మకం పాఠం



ఈ నెల మన పిల్లలు గ్రూప్ ప్రాజెక్టులు మొదలుపెడుతున్నారు. ఐదుగురిని ఒక గ్రూపుగా కూర్చోబెట్టగానే చార్టు ఎవరు గీయాలి, మోడల్ ఎవరు చేయాలి అన్న ప్రశ్నలు తర్వాత వస్తాయి. పక్కవాడు తన వంతు పని చేస్తాడా లేదా అన్న అనుమానమే ముందుగా వస్తుంది. ఆ అనుమానం ఉన్న గ్రూపులో తెలివైన పిల్లవాడు పనంతా తనే నెత్తిన వేసుకుంటాడు, మిగతావాళ్ళు చూస్తూ కూర్చుంటారు. మన ఆఫీసుల్లో, షాపుల్లో, వ్యవసాయంలో, ఇళ్ళల్లో జరిగేది కూడా చాలాసార్లు ఇదే.

లీడర్‌షిప్, టీంవర్క్ అనగానే మనం విదేశీ కంపెనీల కథలు వెతుకుతాం. కానీ ఒక రాజ్యం నమ్మకం మీద ఎలా నిలబడిందో మన చుట్టుపక్కల రాళ్ళ మీదే చెక్కి ఉంది. ఈ నెల కాకతీయ గణపతిదేవుడి జీవితాన్ని ఆ కోణంలో చూద్దాం.

కురవికీ ఈ కథకూ సంబంధం

కాకతీయుల కథలో మన కురవి పేరు చాలా ముందుగానే వస్తుంది. జనగామ వైపు ఉన్న గూడూరులో ఒక పాత శాసనం ఉంది. విరియాల వంశానికి చెందిన ఎర్ర అనే వీరుడు బొట్టు బేతను కొరవి సీమలో నిలబెట్టాడని అందులో ఉంది. ఆ కొరవి మన కురవే. అదే శాసనం ఎర్ర భార్య కామసాని గురించి కూడా చెబుతుంది. చిన్నవాడైన కాకతి గరుడ బేతను ఆమె చక్రవర్తి ముందుకు తీసుకెళ్ళి, అనుమకొండ అతనికి దక్కేలా చేసింది.

అంటే కాకతీయుల ఎదుగుదల వెనుక, అండలేని ఒక పిల్లవాడి తరఫున నిలబడిన ఒక స్త్రీ ఉంది. రెండు వందల ఏళ్ళ తర్వాత అదే వంశంలో ఇంకో చిన్నవాడికి ఇంతకంటే పెద్ద కష్టం వచ్చింది. అతనే గణపతిదేవుడు.

చెరలో వారసుడు, కోటలో సేనాని

గణపతిదేవుడి పెదనాన్న రుద్రదేవుడు దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మరణించాడు. ఆ తర్వాత గద్దెనెక్కిన తండ్రి మహాదేవుడు కూడా అదే దేవగిరి మీదికి వెళ్ళి ప్రాణాలు కోల్పోయాడు. గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు లేడు, వారసుడు చెరలో ఉన్నాడు. చుట్టూ ఉన్న సామంతుల్లో కొందరు ఇదే అదనుగా తలెత్తారు.

అలాంటి సమయంలో రాజ్యభారం మోసినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. సైన్యం అతని చేతిలోనే ఉంది, అడిగేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో అలాంటి అవకాశం దొరికిన సేనానులు సొంత జెండా ఎగరేయడం కొత్తేమీ కాదు. రుద్రుడు ఆ పని చేయలేదు. తలెత్తినవాళ్ళను అణచి, రాజ్యాన్ని చెదరనీయకుండా తన రాజు కోసం కాపాడాడు.

దేవగిరి రాజు జైతుగి కొంతకాలానికి గణపతిదేవుణ్ణి విడిచిపెట్టాడు. ఇది 1199 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారులు చెబుతారు. ఆయన తిరిగి వచ్చేసరికి రాజ్యం ఆయన కోసం ఎదురుచూస్తూ ఉంది.

ఇక్కడ గణపతిదేవుడి వైపు నుంచి కూడా ఆలోచించాలి. తాను లేనప్పుడు అంత అధికారం చూసిన మనిషిని అనుమానించడం చాలా తేలిక. చాలామంది రాజులు అలాంటివాళ్ళను ముందు పక్కన పెట్టేవారు. గణపతిదేవుడు రుద్రుణ్ణి అదే గౌరవంతో ఉంచుకున్నాడు. 1213లో పాలంపేటలో ఆ సేనాని పేరు మీదే రుద్రేశ్వరుడి గుడి వెలిసింది. మనం పిల్లలతో పిక్నిక్‌కి వెళ్ళే రామప్ప గుడి అదే. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఈసారి వెళ్ళినప్పుడు నీటిలో తేలే ఇటుకల గురించి చెబుతూ, దాన్ని కట్టించిన మనిషి అప్పగించిన రాజ్యాన్ని తిరిగి అప్పగించినవాడని కూడా చెప్పండి.

ఓడిన ఇంటి పిల్లవాడు

గణపతిదేవుడి దృష్టి తర్వాత తూర్పు తీరం వైపు మళ్ళింది. బెజవాడ మీదుగా కృష్ణా నది సముద్రంలో కలిసే దివిసీమ దాకా కాకతీయ సైన్యం వెళ్ళింది. దివిసీమను ఏలుతున్న అయ్య వంశపు పిన్నచోడుడు ఓడిపోయాడు.

యుద్ధం ఎలా ముగిసిందన్నదే ఇక్కడ ముఖ్యం. గణపతిదేవుడు ఆ కుటుంబంతో వియ్యమందాడు. పిన్నచోడుడి కూతుళ్ళు నారాంబ, పేరాంబలను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ తమ్ముడు జాయపను ఓరుగల్లుకు తీసుకొచ్చి, గుండామాత్యుడనే గురువు దగ్గర చదివించాడు. పెద్దయ్యాక ఆ కుర్రవాడికి ఏనుగుల సైన్యాన్ని అప్పగించాడు.

ఓడించిన ఇంటి పిల్లవాడి చేతికి ఏనుగుల దళం ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ కాలంలో ఏనుగుల బలగం అంటే ఈనాటి ట్యాంకుల దళం లాంటిది. ఆ ఇచ్చిన నమ్మకాన్ని జాయప నిలబెట్టుకున్నాడు. గుంటూరు దగ్గర చేబ్రోలు ప్రాంతాన్ని పాలించాడు. సొంత సీమలో కట్టించిన గుడిలోని శివుడికి తన రాజు పేరు మీద గణపేశ్వరుడని పేరు పెట్టాడు. 1253-54లో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రాశాడు. మన నాట్య సంప్రదాయాల గురించి తెలుసుకోవాలంటే ఇప్పటికీ పండితులు తెరిచే పుస్తకం అది. అనుమానంతో ఒక మూల కూర్చోబెట్టి ఉంటే ఒక శత్రువు తయారయ్యేవాడు. నమ్మి చదివించినందుకు ఒక సేనాని, ఒక పండితుడు ఒకే మనిషిలో దొరికారు.

మోటుపల్లి మాట

గణపతిదేవుడి పేరు చెబితే చరిత్ర చదివినవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది మోటుపల్లి అభయ శాసనం. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు.

ఆ రోజుల్లో ఓడ వ్యాపారికి తుఫాను ఒక్కటే భయం కాదు. తుఫానుకు దారి తప్పి, ఓడ విరిగి ఏదో ఒక ఒడ్డుకు చేరితే, అక్కడి రాజు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, సరుకు అంతా లాక్కునేవాడు. అది అప్పటి రివాజు. అసలే ఓడ పోగొట్టుకున్నవాడికి మిగిలిన కాస్తా కూడా పోయేది.

1244లో గణపతిదేవుడు ఈ రివాజును ఆపేశాడు. దూరదేశాల వ్యాపారుల సరుకు ఇకమీదట లాక్కోమని, ముందే నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని రాతి మీద చెక్కించాడు. ఎగుమతులకూ దిగుమతులకూ ముప్పైకి ఒక వంతు సుంకం. చందనం, కర్పూరం, దంతం, ముత్యాలు, పట్టు, మిరియాలు వంటి ఏ సరుకుకు ఎంత కట్టాలో కూడా విడివిడిగా రాయించాడు.

ఇందులో మూడు విషయాలు గమనించండి. మొదటిది, రాజు సుంకం వదులుకోలేదు. నమ్మకం అంటే రూల్స్ లేకపోవడం కాదు. రెండోది, రూలు ముందే తెలుసు. రేవులో దిగాక అధికారి మూడ్‌ని బట్టి మారదు. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. చేతికి అందిన లాభాన్ని రాజు తనకు తానే కాదనుకున్నాడు. మనకు నష్టం లేనప్పుడు మాట ఇవ్వడం ఎవరైనా చేస్తారు. నష్టం ఉన్నా మాట తప్పని మనిషినే లోకం నమ్ముతుంది.

ఆయన తర్వాత కూతురు రుద్రమదేవి కాలంలోనూ ఆ రేవు కళకళలాడింది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ సీమను మోటుపల్లి పేరుతోనే వర్ణించి, ఇక్కడి వజ్రాలనూ సన్నని బట్టలనూ రాణి పాలననూ మెచ్చుకున్నాడు.

అందరి చేతుల్లో పని

గణపతిదేవుడు ఆరు దశాబ్దాలు పాలించాడు. అన్నేళ్ళూ అన్ని పనులూ తనే చేయలేదు. మన జిల్లాలోని బయ్యారం చెరువు ఆయన అక్కచెల్లెళ్ళలో ఒకరైన మైలాంబ తవ్వించింది. ఆ చెరువు శాసనమే కాకతీయుల వంశావళిని మనకు చెప్పిన ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు మంత్రి కొడుకు జగదాల ముమ్మడి కట్టించాడు. రామప్ప చెరువు రేచర్ల రుద్రుడి కాలంది. ఒక్కో చెరువు ఒక్కొక్కరి చేతుల మీదుగా తయారైంది. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా మన పొలాలకు వాటి నీళ్ళు పారుతున్నాయి.

పని అప్పగించి, పేరు కూడా వాళ్ళకే రానివ్వడం మంచి లీడర్ లక్షణం. ఆ శాసనాల్లో చెరువు తవ్వించినవారి పేరే గర్వంగా కనిపిస్తుంది.

కూతురి చేతికి రాజ్యం

గణపతిదేవుడికి కొడుకులు లేరు. రుద్రమదేవి, గణపాంబ ఇద్దరు కూతుళ్ళు. ఆయన రుద్రమను రాజ్యపాలనకు తయారుచేశాడు. వెంటనే గద్దె మీద కూర్చోబెట్టి వదిలేయలేదు. 1260 ప్రాంతం నుంచి తనతో పాటు పాలనలో భాగం ఇచ్చాడు. పని నేర్పుతూ, నిర్ణయాలు తీసుకోనిస్తూ, తాను మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. తండ్రి తన గురువు విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామం ఇస్తానని మాట ఇచ్చాడు. 1261 నాటి మల్కాపురం శాసనంలో రుద్రమ ఆ దానాన్ని ఖాయం చేసి, వెలగపూడి గ్రామాన్ని కూడా కలిపింది. ఆ ఆదాయంతో అక్కడ బడి, వైద్యశాల, ప్రసూతిశాల నడిచాయి. తండ్రి ఇచ్చిన మాట కూతురి దగ్గర కూడా చెల్లింది.

అన్నీ సాఫీగా జరిగాయని చెప్పడం నిజం కాదు. చివరి రోజుల్లో గణపతిదేవుడు పాండ్యుల చేతిలో ఓడిపోయాడు. దక్షిణాన గెలిచిన భూములు చేజారాయి. స్త్రీ పాలనను ఒప్పుకోని సామంతులు రుద్రమ మీద తిరగబడ్డారు. గణపతిదేవుడు నమ్మి పదవి ఇచ్చిన కాయస్థ గంగయ సాహిణి విధేయుడిగానే ఉన్నాడు. కానీ ఆ ఇంట్లోనే తర్వాతి తరంలో వచ్చిన అంబదేవుడు ఆమెకు ఎదురు తిరిగాడు. 1289 నాటి చందుపట్ల శాసనం రుద్రమ మరణాన్ని తెలుపుతుంది.

నమ్మినవాళ్ళందరూ నమ్మకం నిలబెట్టుకోరు. అయినా లెక్క వేసి చూస్తే, ఒక అంబదేవుడి భయంతో గణపతిదేవుడు ఎవరినీ నమ్మకుండా ఉండి ఉంటే రేచర్ల రుద్రుడూ జాయపా రుద్రమా మనకు ఉండేవారు కాదు.

మన ఇంటి రేవు

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి వద్దాం. యూనిట్ టెస్టులో తక్కువ మార్కులు వచ్చిన పేపరు తుఫానులో విరిగిన ఓడ లాంటిది. ఆ పిల్లవాడు అప్పటికే నష్టపోయి ఉన్నాడు. ఇంటికి రాగానే తిట్లు, పక్కింటివాళ్ళతో పోలిక, ఆట బంద్ అయితే, మిగిలింది కూడా లాక్కున్నట్టే. ఆ తర్వాత ఆ ఓడ మళ్ళీ మన రేవుకు రాదు. పేపరు బ్యాగు అడుగున ఉంటుంది, డైరీలో సంతకం ఇంకెవరో చేస్తారు. మార్కులు పెంచడం కష్టమే కానీ సాధ్యం. దాచడం అలవాటైన పిల్లవాణ్ణి తిరిగి మాట్లాడించడం అంతకంటే చాలా కష్టం.

అందుకే ఈ నెల నాలుగు పనులు చేసి చూడమని కోరుతున్నాను.

1. మీ ఇంటి అభయ శాసనం రాయండి. నిజం చెబితే తిట్లు ఉండవు, కానీ తప్పు సరిదిద్దుకునే పని తప్పకుండా ఉంటుంది. ఈ రెండు వాక్యాలు కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీకు కోపం వచ్చిన రోజు కూడా అదే రూలు నడవాలి.

2. ఒక పని పూర్తిగా అప్పగించండి. మొక్కలకు నీళ్ళు, కిరాణా లిస్టు, తమ్ముడి హోంవర్క్, ఏదైనా సరే. గంటకోసారి చెక్ చేయకండి. వారం చివర ఒక్కసారి కూర్చుని మాట్లాడండి.

3. గ్రూప్ ప్రాజెక్టులో మీ పిల్లల వంతు పని మీరు చేయకండి. చార్టు కాస్త వంకరగా వచ్చినా పర్వాలేదు. తన మాట తాను నిలబెట్టుకున్నాడని మిగతా నలుగురికీ తెలియడమే అందులో అసలు మార్కు.

4. మీరు ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఆదివారం రామప్పకు తీసుకెళ్తానన్నారా, తీసుకెళ్ళండి. కుదరకపోతే ముందు రోజే చెప్పి, ఇంకో తేదీ ఇవ్వండి. పిల్లలు మన సలహాలను మర్చిపోతారు గానీ, మనం తప్పిన మాటలను లెక్కపెట్టుకుంటారు.

బయ్యారం చెరువు కట్ట మీదుగా వెళ్ళినప్పుడు ఒక్క నిమిషం బండి ఆపి, ఇది ఎవరు కట్టించారో పిల్లలకు చెప్పండి. ఆ తర్వాత వాళ్ళను ఒక ప్రశ్న అడగండి. తనకు దక్కే రాజ్యాన్ని వేరొకరి కోసం కాపాడిన సేనాని గొప్పవాడా, అతణ్ణి అనుమానించకుండా పక్కన నిలుపుకున్న రాజు గొప్పవాడా? జవాబు ఏదైనా సరే, వాళ్ళు చెప్పేది మధ్యలో ఆపకుండా చివరిదాకా వినండి.