కనబడని కిరణములు: విలియం హెర్షెల్ జీవితము

యురేనస్ గ్రహమును కనుగొన్న ఖగోళ శాస్త్రజ్ఞుడుగా హెర్షెల్ పేరు మన విద్యార్థులలో పలువురు వినియుందురు. నేటి వైద్యులు రోగి దేహమును తాకకయే దాని వేడిమిని చిత్రరూపమున చూచుచున్నారు. అందులకు మూలమైన కిరణములను మొదట కనుగొన్నవాడును ఈయనయే యని ఎరిగినవారు కొలదిమంది. కావున ఆయన చరిత్రమును ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

హెర్షెల్ 1738వ సంవత్సరము నవంబరు 15వ తేదీన జర్మనీలోని హానోవరు నగరమున జన్మించెను. తండ్రి సైనిక వాద్యబృందమున వాద్యకాడు. సంసారము పెద్దది, ఆదాయము స్వల్పము. పదునాలుగేండ్ల ప్రాయముననే బాలుడును ఆ బృందమున చేరెను. 1757లో యుద్ధము వలన స్వదేశమును విడిచి ఇంగ్లాండు చేరి, సంగీత ప్రతులు వ్రాసియు, పాఠములు చెప్పియు పొట్ట పోసికొనెను. 1766లో బాత్ పట్టణమందలి యొక ప్రార్థనాలయమున ఆర్గన్ వాయించు ఉద్యోగము లభించెను.

పగలెల్ల సంగీతము, రాత్రులు గణితము, నక్షత్ర శాస్త్రము. మంచి దూరదర్శిని కొనుటకు ధనము లేక, లోహ దర్పణములను స్వయముగా అరగదీసెను. చేయి తీయక గంటల తరబడి మెరుగు పెట్టునపుడు చెల్లెలు కారొలిన్ ఆయనకు అన్నము ముద్దలుగా నోటికందించెడిది. అట్టి దూరదర్శినితోనే 1781 మార్చి 13వ తేదీ రాత్రి ఆయన యురేనస్‌ను చూచెను. ఇంగ్లాండు రాజు ఏటికి 200 పౌనుల భృతి నొసగెను.

1800లో, అరువదియొకటవ యేట, సూర్యుని చూచుటకు రంగుటద్దములను వాడుచుండగా ఒక వింత ఆయన దృష్టికి వచ్చెను. కొన్ని అద్దములలో వెలుగు తక్కువయైనను వేడి ఎక్కువ. కొన్నింటిలో వెలుగు ఎక్కువయైనను వేడి తక్కువ. ఏ రంగులో ఎంత వేడి కలదో కొలువ నిశ్చయించెను. సూర్యకాంతిని గాజు పట్టకము గుండ పంపి, నలుపు పూసిన ఉష్ణమాపకమును ఒక్కొక్క రంగులో నుంచెను. పోల్చి చూచుటకై రంగులు పడని చోట మరి రెండింటిని పెట్టెను. ఊదాలో 2 డిగ్రీలు, ఆకుపచ్చలో 3¼, ఎరుపులో 6⅞ ఫారెన్‌హీటు డిగ్రీలు పెరిగెను. ఎరుపు దాటినచో నేమగును? కన్నునకు ఏ వెలుగును కానరాని ఆ చోట కూడ పాదరసము పైకెక్కెను! అవియే పరారుణ కిరణములు.

వెలుగును ఈ వేడిమియు ఒక్క జాతివే యని హెర్షెల్ మొదట తలచెను; ఆ యేడే ఆ తలంపును విడిచెను. మొదటి తలంపే సరియని తరువాతివారు రుజువు చేసిరి. ఆయన ఊహలు మారినను, కొలతలు నిలిచినవి.

హెర్షెల్ 1822 ఆగస్టు 25వ తేదీన స్లౌ గ్రామమున మరణించెను. కుమారుడు జాన్ 1840లో మసి పూసిన కాగితమును సారాయితో తడిపి, దానిపై సూర్యుని వర్ణపటమును పడనిచ్చెను. వేడి తగిలిన చోట్లు ముందుగా ఆరి, కనబడని కిరణముల చిత్రము కనబడెను. 1956లో మాంట్రియాల్ వైద్యుడు రే లాసన్, క్యాన్సరు సోకిన స్తనముపై చర్మము వేడెక్కియుండునని ప్రకటించెను.

మన దేహమును ఎల్లవేళల ఈ కిరణములను వెలువరించుచున్నది. వాపు గల చోట రక్తము అధికముగా ప్రవహించి వేడి హెచ్చును. రక్తనాళము మూసికొన్నచోట తగ్గును. ఆ భేదమును యంత్రము రంగులుగా చూపును. కాని అది చూపునది వేడిమినే గాని రోగము పేరు కాదు. లోతుననున్న గడ్డ దానికి తెలియకపోవచ్చును. కావుననే స్తన క్యాన్సరు విషయమున ఇది ఎక్స్-రే పరీక్షకు తోడే గాని బదులు కానేరదు. చిత్రము నమ్మి చికిత్స మానుకొన్నచో ప్రాణమునకే ముప్పు.

విద్యార్థులారా! పట్టకమును ఉష్ణమాపకములును గల ఏ పాఠశాలలోనైనను హెర్షెల్ పరీక్షను చేయవచ్చును. సూర్యుని మాత్రము సూటిగా చూడరాదు. ఎరుపు అంచు దాటిన చోట ఉష్ణమాపకము నుంచుట మరువకుడు.