ఇంజినీర్ అవ్వాలనుకున్న డాక్టరమ్మ

మన ఊళ్ళలో మాంటిస్సోరి అనే బోర్డు లేని పేట దొరకడం కష్టం. పసుపు రంగు గోడ, దాని మీద ఓ మిక్కీ మౌస్, పైన ఆ పేరు. అది ఒక మనిషి ఇంటిపేరని, ఆ మనిషి మన మద్రాసులో ఏళ్ళ తరబడి ఉందని, అసలు ఆవిడ పని మొదలైంది మామూలు పిల్లలతో కాదని మనలో ఎంతమందికి తెలుసు?

నాకైతే ఆవిడ మినీ ప్రాజెక్ట్ దారిలో ఎదురైంది. మూడు నాలుగేళ్ళొచ్చినా వాక్యం కుదరని పిల్లలకి స్క్రీన్ మీద వ్యాకరణం అలవాటు చేసే ప్రోగ్రాం ఒకటి మా బ్యాచ్ చేస్తోంది. ఈ పిల్లలకి చెవులు బాగానే వినిపిస్తాయి, ఆటపాటల్లో చురుగ్గానే ఉంటారు, భాష మాత్రం పట్టుబడదు. దీన్ని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. ముప్ఫై మంది ఉన్న క్లాసులో ఇద్దరికి ఉండొచ్చని అంచనా. దీని గురించి చదువుతూ వెనక్కి వెళ్తూ ఉంటే, నూట పాతికేళ్ళ కిందటి ఒక ఇటలీ డాక్టర్ దగ్గర ఆగిపోయాను.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న కియారవల్లె అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నాన్న అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి. అమ్మ రెనిల్డే చదువంటే ప్రాణం పెట్టే మనిషి. ఒక్కతే కూతురు. కొన్నాళ్ళకి కుటుంబం రోమ్ చేరింది. పదమూడేళ్ళకి ఆ అమ్మాయి దాదాపు అందరూ మగపిల్లలే ఉండే టెక్నికల్ స్కూల్లో చేరింది. ఎందుకో తెలుసా? ఇంజినీర్ అవ్వాలని! లెక్కలంటే అంత ఇష్టం. (మనలో సగం మంది ఇష్టం లేకుండా ఇక్కడ చేరాం కాబట్టి ఈ విషయం దగ్గర కాసేపు ఆగి చదువుకోవాలి.) తర్వాత మనసు మార్చుకుని మెడిసిన్ అంది. ఇంజినీరింగే నయం అనుకున్నాడేమో, నాన్న అస్సలు ఒప్పుకోలేదు.

అయినా చేరింది. మగ విద్యార్థుల మధ్య ఒక ఆడపిల్ల శవాన్ని కోయడం బాగోదని, అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం ఒక్కతే కూర్చుని ఆ పని చేయాల్సి వచ్చేది. ఆ వాసన తట్టుకోలేక పొగ తాగేదట. 1896లో డాక్టర్ పట్టా వచ్చింది. ఇటలీలో మొట్టమొదటి లేడీ డాక్టర్ అని చాలాచోట్ల రాస్తారు గానీ అది నిజం కాదు, ఆవిడకి ముందే కొందరున్నారు. ఆ మాట లేకపోయినా ఆవిడ గొప్పకి వచ్చిన లోటేమీ లేదు.

ఉద్యోగం యూనివర్సిటీ మానసిక వైద్య విభాగంలో. ఆ పని మీద రోమ్‌లోని పిచ్చాసుపత్రులకి వెళ్ళేది. అప్పట్లో మాటలు రాని పిల్లలు, చదువు రాని పిల్లలు, మూర్ఛలున్న పిల్లలు అందరినీ పెద్దవాళ్ళతో కలిపి అక్కడే పడేసేవాళ్ళు. ఒక గదిలో పిల్లలు తిండి అయిపోయాక నేల మీద రొట్టె ముక్కల కోసం పాకుతున్నారని, అక్కడి ఆయా అసహ్యించుకుందని ఒక కథ చెబుతారు. మరియా చూసింది వేరే. ఆ గదిలో బొమ్మ లేదు, పుల్ల లేదు, పట్టుకోవడానికి ఏ వస్తువూ లేదు. వాళ్ళ వేళ్ళకి ఇంకేం దొరుకుతుంది?

అక్కణ్ణించి ఆవిడ పాత ఫ్రెంచి పుస్తకాల వెంట పడింది. అడవిలో దొరికిన మాటలు రాని అబ్బాయికి భాష నేర్పాలని ఏళ్ళ తరబడి కష్టపడ్డ ఇటార్, ఆయన శిష్యుడు సెగ్యాఁ రాసినవి. అవన్నీ ఇటాలియన్‌లోకి మార్చుకుంటూ, మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా తన చేత్తో రాసుకుంది. కాపీ పేస్ట్ లేని రోజులు. ప్రతి మాటా బరువు తూచి అర్థం చేసుకోవాలనే చేత్తో రాశానని తర్వాత చెప్పుకుంది.

1900లో రోమ్‌లో ఇలాంటి పిల్లలకి పాఠం చెప్పే టీచర్ల కోసం ఒక శిక్షణ బడి పెట్టారు. దాన్ని నడిపిన ఇద్దరిలో మరియా ఒకతి. అక్కడ ఆవిడ పొద్దున ఎనిమిదింటి నించి రాత్రి ఏడింటి దాకా తనే పిల్లలతో కూర్చునేది. రాత్రికి ఆ రోజు ఏం జరిగిందో రాసుకునేది. చెక్క అక్షరాలు చేయించి, కళ్ళతో చూపించి, వేళ్ళతో తడిమించి నేర్పింది. పనికిరారని వదిలేసిన ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలతో పాటు పరీక్ష రాసి పాసయ్యారు. ఊరంతా ఆశ్చర్యపోయింది. ఆవిడ ఆశ్చర్యం ఇంకో వైపు తిరిగింది: ఈ పిల్లలు ఇంత చేస్తే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఇంతే చేస్తున్నారంటే మన బళ్ళు వాళ్ళనేం చేస్తున్నట్టు? ఈ పిల్లల సమస్య మందులది కన్నా బోధనది అని అంతకు ముందే, 1898లో, టూరిన్ సభలో చెప్పి వచ్చింది.

అదే 1898లో ఇంకోటి జరిగింది. మార్చిలో ఆవిడకి కొడుకు పుట్టాడు. పేరు మారియో. తండ్రి తోటి డాక్టర్ జుసెప్పె మోంతెసానో. పెళ్ళి కాలేదు. ఆ రోజుల్లో విషయం బయటపడితే ఉద్యోగం, పేరు అన్నీ పోతాయి. పిల్లాణ్ణి పల్లెటూళ్ళో వేరే కుటుంబానికి పెంపకానికిచ్చారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేది, తల్లినని చెప్పకుండా. 1901లో మోంతెసానో ఇంకొకరిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ ఆ బడి వదిలేసింది. ఊరి పిల్లలందరి కోసం రాత్రి దాకా కూర్చున్న మనిషి సొంత కొడుకు దగ్గర కూర్చోలేకపోయింది. ఇది చదివాక ఆవిడ మీద కోపం వచ్చింది, ఆ కాలం మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. మారియోకి పదిహేనేళ్ళ వయసప్పుడు గానీ తల్లీ కొడుకులు ఒక చోటికి చేరలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం బయటివాళ్ళకి మేనల్లుడనో, పెంచుకున్న కొడుకనో పరిచయం చేసేది.

1907 జనవరి 6న శాన్ లొరెంజో అనే పేదల పేటలో, పనికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం పిల్లల ఇల్లు తెరిచింది. ఆ ప్రత్యేక పిల్లల కోసం చేసిన వస్తువులే మార్చి ఇక్కడ వాడింది. శాండ్‌పేపర్ కత్తిరించి అట్టకి అంటించిన అక్షరాలు. వేలితో రాసుకుంటూ శబ్దం పలకాలి. ఒక శీతాకాలం రోజు మేడ మీద ఒక అయిదేళ్ళ పిల్లాణ్ణి ఎదురుగా ఉన్న పొగగొట్టం బొమ్మ వేయమంది. వాడు సుద్దముక్కతో నేల మీద బొమ్మ వేశాడు. మెచ్చుకుంటే, ఉన్నట్టుండి మాటలు రాయడం మొదలెట్టాడు. రాయమని ఎవరూ చెప్పలేదు. ప్రపంచానికి ఆవిడ పేరు పాకింది ఇక్కణ్ణించే.

నాకు కావలసిన చోటు మాత్రం ఇంకాస్త ముందుంది. 1916లో వచ్చిన పెద్ద పుస్తకంలో ఆవిడ వ్యాకరణాన్ని పెట్టెల్లో పెట్టింది. నామవాచకానికి ఒక రంగు చీటీ, విశేషణానికి ఇంకో రంగు, క్రియకి ఎరుపు. పిల్లలు చీటీలు పేర్చి వాక్యం కడతారు. ఒక చీటీ చోటు మార్చి చదువుతారు, వాక్యం పాడవుతుంది, ఎక్కడ పాడైందో చెవికే తెలుస్తుంది. క్రియ చీటీలో ఏముంటే అది లేచి చేసి చూపాలి. తర్వాత్తర్వాత రంగులతో పాటు ఆకారాలు కూడా వచ్చాయి: నామవాచకం అంటే నల్ల త్రికోణం, కదలకుండా కూర్చునేది. క్రియ అంటే ఎర్ర గుండ్రం, దొర్లేది. వ్యాకరణం అంటే బట్టీ పట్టిన నిర్వచనాలు అని తొమ్మిదో క్లాసు దాకా నమ్మిన మనలాంటి వాళ్ళకి ఇది కొంచెం అసూయ పుట్టించే సంగతి.

ఇప్పటి స్పీచ్ థెరపీ ప్రోగ్రాముల స్క్రీన్‌షాట్లు చూస్తే ఇదే వరస కనిపిస్తుంది. ఎవరు, ఏం చేస్తున్నారు, దేన్ని అనే గళ్ళు, ఒక్కో గడికి ఒక రంగు. ఈ పిల్లల్లో చాలామందికి విన్న మాటని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడమే కష్టం. మాట గాల్లో కలిసిపోతుంది, బొమ్మ మాత్రం కళ్ళ ముందే ఉంటుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో మై సెంటెన్స్ బిల్డర్ అనే ప్రోగ్రాంని ఇలాంటి బడికెళ్ళని పిల్లల మీద పరీక్షించారు. మొత్తం 34 మంది. కొందరికి కంప్యూటర్ మీద, కొందరికి కంప్యూటర్ లేకుండా నేర్పారు, కొందరికి అప్పటికి ఏమీ నేర్పలేదు. నేర్చుకున్న రెండు గుంపులూ బాగుపడ్డాయి. ఆ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. సీఎస్‌ఈ వాళ్ళం కాబట్టి ఇది మనకి కొంచెం గుచ్చుకుంటుంది గానీ, మరియాకి ఇందులో వింతేమీ ఉండదనుకుంటా.

తర్వాతి కథ వేగంగా చెప్తా. ముస్సోలిని మొదట ఆవిడ బళ్ళని నెత్తిన పెట్టుకున్నాడు. 1920ల్లో ఆవిడ ఆ మద్దతు తీసుకుంది కూడా, ఆ సంగతి దాచక్కర్లేదు. 1934కల్లా చెడింది, దేశం విడిచింది. స్పెయిన్‌లో అంతర్యుద్ధం వస్తే నెదర్లాండ్స్ చేరింది. 1939 నవంబర్‌లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మారియోతో కలిసి మద్రాసు అడయారు వచ్చింది. మొదటి శిక్షణకి సుమారు 300 మంది చేరారు. ఆవిడ ఇటాలియన్‌లో మాట్లాడేది, మారియో పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పేవాడు.

1940లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిష్ వాళ్ళ లెక్కలో తల్లీ కొడుకులు శత్రుదేశస్థులు అయిపోయారు. మారియోని నిర్బంధ శిబిరానికి తీసుకెళ్ళారు, ఆవిడని అడయారు దాటనివ్వలేదు. ఆగస్టు 31న, సరిగ్గా డెబ్బయ్యో పుట్టినరోజుకి, కానుకగా మారియోని విడిచిపెట్టారు. వైస్రాయ్ పంపిన సందేశంలో అతన్ని ఆవిడ కొడుకు అనే రాశారని చెబుతారు. నలభై రెండేళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన మాట ఒక ప్రభుత్వ కాగితం మీద వచ్చింది. తర్వాత కొడైకెనాల్‌లో సుమారు రెండేళ్ళు ఉన్నారు.

ఆ వ్యాకరణ పెట్టెలు మన భాషలకి ఎలా సరిపోతాయా అని నేను చాలా ఆలోచించా. ఇటాలియన్‌లో నామవాచకం ముందు చిన్న ఆర్టికల్ ఉంటుంది, దానికొక లేత నీలం త్రికోణం. మనకి ఆర్టికలే లేదు. చోటు మార్చే ఆట ఇంకా తిప్పలు. పిల్లి ఎలుకని పట్టింది, ఎలుకని పిల్లి పట్టింది: మాటల చోటు మారినా అర్థం మారలేదు. అదే "ని" ఒక్కటి తీసి పిల్లికి తగిలించండి, పిల్లి పని అయిపోయినట్టే! తెలుగులో వాక్యం భారమంతా మాట చివర ఉంటుంది. తాగాడు, తాగింది, తాగారు. మనం పట్టించుకోకుండా పలికే ఆ తోకల దగ్గరే ఇలాంటి పిల్లలు ఆగిపోతే, ఇంగ్లీషు ప్రోగ్రాంలో మాటలు మాత్రం తెలుగులోకి మార్చి ఇస్తే ఏం లాభం?

అందుకని మా ప్రోగ్రాంలో మాటకి ఒక ముక్క, తోకకి ఒక ముక్క విడిగా పెట్టాం. "ని" ముక్కని వేలితో లాగి పిల్లికి తగిలిస్తే బొమ్మలో ఎలుక పిల్లిని తరుముతుంది. ఎర్ర గుర్తు లేదు, బుయ్ మనే శబ్దం లేదు. తప్పుని టీచర్ చెప్పకుండా వస్తువే చూపించాలన్నది ఆవిడ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క. ఆవిడ సిలిండర్లు తప్పు గుంటలో పెడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది, అంతే. మాకు సలహా ఇస్తున్న స్పీచ్ థెరపిస్ట్ మేడం ఒక్క షరతు పెట్టారు. పిల్లల పక్కన ఎప్పుడూ ఒక మనిషి కూర్చోవాలి, ఫోన్ చేతికిచ్చి వెళ్ళిపోకూడదు. ఆ షరతు స్క్రీన్ మీద మొదటి పేజీలోనే రాశాం.

మరియా 1949లో మన దేశం నించి చివరిసారి వెళ్ళిపోయింది. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో నోర్డ్‌విక్ అనే సముద్రతీరపు ఊళ్ళో, మారియో దగ్గరుండగా చనిపోయింది. ఆవిడ రాసి వెళ్ళిన వీలునామాలో మారియోని మేనల్లుడని రాయలేదు, పెంచుకున్నవాడనీ రాయలేదు. నా కొడుకు అని రాసింది.